పడిపోయిన ఓటు

రొంపిచెర్ల దాటి కాలవ కట్ట మీద నాలుగు కిలోమీటర్లు పోతే వచ్చే ఆ ఊళ్ళో, కుళాయి దగ్గర నిలబడి "కోటేశ్వరీ!" అని ఒక్క కేక వేయండి, ఏడుగురు ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. ఇక కోటయ్యలూ కోటేశ్వరరావులూ ఎందరో లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు. కోటప్పకొండ కనుచూపు మేరలో ఉండగా పుట్టిన పిల్లకి ఇంకో పేరు పెట్టే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి! ఊళ్ళోవాళ్ళకి దీనితో ఇబ్బందేమీ లేదు. పొట్టి కోటేశ్వరి, బడ్డీకొట్టు కోటేశ్వరి, నత్తి కోటేశ్వరి అని పిలుచుకుంటారు, హాయిగా పలుకుతారు. ఇబ్బందల్లా ప్రభుత్వానికి. ఓటర్ల లిస్టులో పొట్టి, నత్తి అని రాయరు కదా.

ఆ లిస్టు భారం కరుణమ్మది. ఆమె అంగన్‌వాడీ టీచరు. పిల్లలకి గుడ్లు ఉడకబెట్టడం, బరువులు తూచడం, రిజిస్టర్లు నింపడం చాలదన్నట్టు తొమ్మిదేళ్ళ కిందట ఊరి ఓటర్ల లిస్టు చూసుకునే బీఎల్‌వో పని కూడా ఆమె మెడకే చుట్టారు. ఎన్నికల సంఘం అంటే ఢిల్లీలో ఎక్కడో పెద్ద ఆఫీసు. దాని కింద రాష్ట్రానికొకటి, జిల్లాకి కలెక్టరు, మండలానికి తహసీల్దారు. ఆ మెట్లన్నీ దిగొస్తే చిట్టచివర ఎండలో గొడుగేసుకుని ఇంటింటి తలుపూ కొట్టేది కరుణమ్మ. ఎవరికి పద్దెనిమిది నిండాయి, ఎవరు అత్తారింటికి పోయారు, ఎవరు చనిపోయారు, ఇవన్నీ ఆమె ఫోన్లో నొక్కితేనే పైవాళ్ళకి తెలుస్తాయి. "ఏ పార్టీవాడు బెదిరించినా సరే, మీరు ఇల్లు చూసి చెప్పకుండా ఒక్క పేరు పోదు, ఒక్క పేరు రాదు. మీరే ఈ ఎన్నికలకి పునాది" అని నరసరావుపేట ట్రైనింగులో సారు మైకులో చెప్పారు. హాలంతా చప్పట్లు కొట్టారు. కరుణమ్మ మాత్రం ఎడమ చెయ్యి పైట కిందికి లాక్కుని కూర్చుంది. ఆ చెయ్యి అట్లా దాచుకునే అలవాటు ఆమెకి ఇరవై ఏళ్ళుగా ఉంది.

ఎందుకంటారా? చెబుతాను. చెప్పకపోతే ఈ కథే లేదు.

పెళ్ళై ఆ ఊరికి వచ్చిన మొదటి ఏడాదే ఎన్నికలొచ్చాయి. కరుణమ్మకి అప్పుడు ఇరవయ్యో ఏడు. ఓటు ఇంకా అక్కడికి మారలేదు. పోలింగ్ రోజు పొద్దున్నే అత్త రోశమ్మ ఆమె చేతిలో ఒక చీటీ పెట్టింది.

"ఇదిగో, ఇది ఏసిరా పో. మన ఎనకింటి పెద్ద కోటేశ్వరిది. వాళ్ళమ్మకి జొరమని నడికుడి పోయింది, రాదు. ఊరికే పోయే ఓటు మనోళ్ళకి పడితే ఏం పోద్ది?"

"తప్పు గాదా అత్తా?"

"తప్పేందే! ఊళ్ళో సగం మంది అట్టా ఏసేటోళ్ళే. పేరడిగితే కోటేశ్వరి అను, మొగుడు పేరు రామయ్య అను. పో, ఎండెక్కుద్ది."

కొత్త కోడలు, ఎదురు చెప్పలేక వెళ్ళింది. అప్పట్లో లిస్టులో ఫొటోలు లేవు. పేరు చెప్పింది, మొగుడి పేరు చెప్పింది. బల్ల అవతల కూర్చున్న ఏజెంట్లలో ఒకాయన ఆమె మొహం చూసి నవ్వుకుని తల తిప్పేశాడు. వేలికి సిరా పూశారు. నొక్కింది, బీప్ మంది. జన్మలో ఆమె వేసిన మొదటి ఓటు అదే, అదీ ఇంకొకరి పేరుతో.

పన్నెండు గంటలకి పెద్ద కోటేశ్వరి దిగింది. నడికుడిలో బస్సెక్కి నరసరావుపేటలో దిగి, ఆటోలో ఆరుగురి మధ్య ఇరుక్కుని, జ్వరంలో ఉన్న తల్లిని తమ్ముడి పెళ్ళానికి అప్పగించి మరీ వచ్చింది. ఓటు కోసమా ఇంత ప్రయాణం అని మీరనుకోవచ్చు. ఆమె సంగతి తెలిస్తే అనుకోరు. ఆమెకి పిల్లలు పుట్టలేదని మొగుడు రామయ్య అచ్చంపేట వైపు నుంచి రెండో పెళ్ళాన్ని తెచ్చుకున్నాడు. ఆ పిల్ల పేరు కూడా కోటేశ్వరే, ఖర్మ! అప్పట్నించీ ఈమె పెద్ద, ఆమె చిన్న. ఇద్దరూ ఒకే క్వారీలో రాయి మోశారు, ఒకే పొయ్యి మీద వండారు, ఒకే రేషన్ కార్డులో ఇరుక్కున్నారు. "ఇంట్లో అన్నీ సగం సగమేనమ్మాయ్, మొగుడితో సహా. ఓటు ఒక్కటే నాకు మొత్తంగా ఉంది" అని నవ్వుతూ చెప్పేది పెద్ద కోటేశ్వరి. నవ్వుతూనే, కానీ నిజంగానే.

ఆ రోజు పోలింగ్ పెట్టిన బడి లోపలికి వెళ్ళి రెండు నిమిషాల్లో బయటికొచ్చింది. వేపచెట్టు నీడలో ఆడవాళ్ళ మధ్య కరుణమ్మ కూర్చుని ఉంది. పెద్ద కోటేశ్వరి నేరుగా ఆమె ముందుకే వచ్చి ఎడమ చూపుడు వేలు చాపింది.

"సూడమ్మాయ్. సిరా చుక్క గూడా లేదు. నా ఓటు పడిపోయిందంట. నేను రాకుండా ఎట్టా పడిపోద్ది?"

కరుణమ్మ ఎడమ చెయ్యి పైట కిందికి వెళ్ళింది. అట్లాంటప్పుడు టెండరు ఓటని ఒకటి అడగవచ్చు, కాగితం మీద వేయించుకుని కవర్లో పెడతారు. ఆ సంగతి పెద్ద కోటేశ్వరికి తెలియదు, చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు. కరుణమ్మకి తెలిసింది పదకొండేళ్ళ తర్వాత, ట్రైనింగులో. ఆ పూట ఆమె భోజనం చేయలేదు.

ఆ తర్వాత పెద్ద కోటేశ్వరి మళ్ళీ ఏ ఎన్నికకీ బడి గడప తొక్కలేదు. ఆమె బుర్రలో 'పడిపోయింది' అన్న మాట అట్లాగే దిగబడిపోయింది. గోడ పడిపోయినట్టు, పళ్ళు పడిపోయినట్టు తన ఓటు కూడా పడిపోయిందని, అది లేస్తే గానీ వేయడం కుదరదని. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ప్రహరీ మీద మోచేతులు ఆన్చి, "అమ్మాయ్, నా ఓటు లేచిందా?" అని అడిగేది.

"లేచింది పెద్దత్తా, ఎప్పుడో లేచింది. నీ ఫొటో గూడా ఉంది లిస్టులో. రా, నేను తీసుకుపోతా" అనేది కరుణమ్మ.

"ఎవరు పడేశారో చెప్పు, అప్పుడు వస్తా. పడేసినోళ్ళు ఎవరో తెలవకుండా ఎట్టా లేస్తది?"

కరుణమ్మ లోపలికి పోయి పొయ్యి ఊదుకునేది. గ్యాసు పొయ్యి వచ్చాక కూడా లోపలికే పోయేది.

ఈ మాఘమాసంలో పెద్ద కోటేశ్వరి పోయింది. రామయ్య అంతకు మూడేళ్ళ ముందే పోయాడు. చిన్న కోటేశ్వరే దగ్గరుండి అన్నీ జరిపించింది. పన్నెండో రోజు గడిచాక కరుణమ్మ పంచాయతీ మరణ సర్టిఫికెట్టు, ఫోనూ, లిస్టూ పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళింది. పోయినవాళ్ళ పేరు తీయడం ఆమె పనే. పార్లమెంటుకీ అసెంబ్లీకీ కలిపి ఎన్నికలు ముంచుకొస్తున్నాయి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కటి కూడా మిగలకూడదని పైనుంచి రోజూ మెసేజీలు.

లిస్టులో నాలుగు వందల పదకొండు: కోటేశ్వరి, భర్త రామయ్య. నాలుగు వందల పన్నెండు: కోటేశ్వరి, భర్త రామయ్య. ఇంటి నంబరూ ఒకటే. ఫొటోలు జిరాక్సులో మసి పూసినట్టున్నాయి. సర్టిఫికెట్టులో వయసు చూద్దామంటే, సచివాలయంలో కొత్తగా చేరిన పిల్ల సుమారుగా యాభై అయిదు అని రాసింది, అది ఈమెకీ సరిపోదు, ఆమెకీ సరిపోదు. అయినా కరుణమ్మకి అవన్నీ ఎందుకు? ఇరవై ఏళ్ళు వెనకింట్లో ఉన్న మనిషి. నాలుగు వందల పదకొండు అన్న నంబరు నిద్రలో లేపినా చెబుతుంది.

కానీ ఆ వరస మీదికి ఆమె వేలు పోలేదు. ఒకసారి ఓటు పడేసిన చెయ్యి, ఇప్పుడు పేరే కొట్టేయాలి. ఎడమ చూపుడు వేలు గోరు దగ్గర దురద పుట్టింది.

"ఏ వరస చిన్నత్తా?" అంది, తల పక్కకి తిప్పుకుని.

చిన్న కోటేశ్వరి వంగి చూసింది. చదువు రాని మనిషే గానీ అంకెలు వచ్చు, క్వారీలో ట్రాక్టర్ ట్రిప్పులు లెక్క రాసేది ఆమే. నింపాదిగా ఒక వరస మీద వేలు పెట్టింది.

"ఇది."

కరుణమ్మ ఆ వేలు కింద నంబరు చూసి ఫోన్లో కొట్టింది. చూసింది అంటున్నాను గానీ, కళ్ళు చూశాయి, మనసు చూడలేదు. ఆ చూపించింది పెద్ద కోటేశ్వరి వరస కాదన్న ఊహ దరిదాపుల్లోకి వచ్చినా, దాన్ని లోపలికి రానివ్వలేదు.

అది ఏప్రిల్ చివర్లో ఓటరు స్లిప్పులు వచ్చినప్పుడు తెలిసింది. కట్టలో నాలుగు వందల పదకొండుకి స్లిప్పు ఉంది. పన్నెండుకి లేదు. కొత్త లిస్టు తీసి చూస్తే పన్నెండు మీద అడ్డంగా 'తొలగించబడింది' అని ఉంది. బతికున్న మనిషిని చంపేసి, పోయిన మనిషిని బతికించి కూర్చుంది కరుణమ్మ. అంగన్‌వాడీలో స్టవ్ మీద గుడ్లు ఉడుకుతున్నాయి. ఆ కుతకుతలో ఎవరో ప్రహరీ మీద మోచేతులు ఆన్చి అడిగినట్టు స్పష్టంగా వినబడింది: "నా ఓటు లేచిందా అమ్మాయ్?"

వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు. నిజంగానే లేచింది కదా, అనుకుంది, అనుకున్నాక భయమేసింది.

ఆ స్లిప్పు పట్టుకుని చిన్న కోటేశ్వరి దగ్గరికి పరిగెత్తింది.

"చిన్నత్తా, కొంప మునిగింది. నీ పేరు తీసేశాను. తప్పు జరిగిపోయింది."

చిన్న కోటేశ్వరి చేటలో మినుములు ఏరుకుంటూ తల కూడా ఎత్తలేదు. "తప్పేం జరగలేదు. నేనేగా ఏలు పెట్టి చూపించింది."

"తెలిసే చూపించావా!"

"తెలిసే. పోయేముందు రోజు అక్క నా చెయ్యి పట్టుకున్నది. 'నా ఓటు లేస్తే నువ్వన్నా ఎయ్యవే' అన్నది. దాని మొగుణ్ణి పంచుకున్నా, దాని పొయ్యి పంచుకున్నా. అది నన్ను ఒక్కసారి కసరలేదు. నా వరస పోతే పోనీ, దాని వరస ఉండాలి. ఇయ్యి ఆ చీటీ."

"అట్టా ఎయ్యగూడదు, కేసవుద్ది! నిన్నూ లోపలేస్తారు, నా ఉద్యోగమూ ఊడుద్ది!"

"ఇన్నేళ్ళుగా దానికి ఒక్క ఓటు పళ్ళేదు కరుణమ్మా. ఎవరో ముండమోపిది దాని ఓటు ఏసుకుపోయింది. దానికి లేదా కేసు?"

కరుణమ్మ స్లిప్పు గుప్పిట్లో బిగించింది. చేసే పని ఒకటే ఉంది. తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళి నావల్ల తప్పు జరిగిందని కాగితం పెట్టాలి. నాలుగు వందల పదకొండుని, పోలింగ్ రోజు బూతులో ఇచ్చే పోయినవాళ్ళ లిస్టులో చేర్చాలి. కానీ కాగితం పెడితే సంజాయిషీ నోటీసు, తర్వాత ఉద్యోగం. లారీ నడిపే భర్త నడుం పట్టేసి మంచంలో ఉన్నాడు, ఆమె ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోంది. అదొక్కటే అయితే ఎట్లాగో తెగించేదేమో. పెద్ద కోటేశ్వరి ఓటుని రెండోసారి తన చేత్తో పడేయడం, అదీ ఆమె వల్ల కాలేదు. స్లిప్పు ఇచ్చేసింది. రిజిస్టర్లో చిన్న కోటేశ్వరి వేలిముద్ర వేయించుకుంది. పోయినవాళ్ళ లిస్టులో ఆ నంబరు రాయకుండా వదిలేసింది.

పోలింగ్ దాకా పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ ప్రహరీ వైపు చూడకుండా నడిచింది. బట్టలు ఆరేయడానికి వెళ్ళినా, పిల్లల బరువులు తూస్తున్నా ఆ గొంతు వినిపించేది. కోపంగా కాదు, అదే బాధ. ఎప్పుడూ అడిగినంత మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగేది.

పోలింగ్ రోజు పొద్దున అయిదున్నరకే ఏజెంట్ల ముందు ఉత్తుత్తి ఓట్లు యాభై వేయించి, లెక్క సరిచూపి, మెషీన్లు ఖాళీ చేసి సీలు వేశారు. ప్రిసైడింగ్ ఆఫీసరు ఫరా, నరసరావుపేటలో హైస్కూలు టీచరు. ముప్పై ఏళ్ళుంటాయి, నలిగిన కాటన్ చీర, చేతిలో రూల్సు పుస్తకం. ముందురోజు ఊళ్ళో పెద్దమనిషి పంపిన బిర్యానీ వెనక్కి పంపించి, పులిహోర పొట్లం విప్పుకుని తిన్నదని అప్పటికే ఊరంతా తెలిసింది. గది మూల కెమెరా. అందులో చూసేవాళ్ళు ఎక్కడో కూర్చుని చూస్తుంటారు. బయట షామియానా కింద బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళకి నంబర్లు వెతికి చెబుతూ కరుణమ్మ కూర్చుంది.

పదిన్నరకి చిన్న కోటేశ్వరి వచ్చింది. కరుణమ్మ తలెత్తి చూసి కుర్చీ పట్టుకుంది. ఆకుపచ్చ చీర, పసుపు అంచు. అది పెద్ద కోటేశ్వరిది, నడికుడి నుంచి వచ్చిన రోజు కట్టుకున్నది. చెంగు అట్లాగే నడుం చుట్టూ తిప్పి దోపింది. నడక కూడా కుడి కాలు కాస్త ఈడ్చినట్టు, క్వారీలో రాయి పడిన పెద్ద కోటేశ్వరి కాలు లాగా. బల్ల మీద మోచేతులు ఆన్చింది.

"అమ్మాయ్, నా ఓటు లేచిందా?"

"చిన్నత్తా, ఒద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా, ఇంటికి పో."

"చిన్నత్త ఎవరు? అది పోయిందని నువ్వే రాశావు గందా" అని లోపలికి వెళ్ళిపోయింది.

కరుణమ్మ చెవులు రిక్కించింది. లోపల మొదటి ఆఫీసరు, అదే పేరూ అదే మొగుడి పేరూ ఉన్న ఆధార్ కార్డు చూసి, పైకి చదివాడు. "నాలుగు వందల పదకొండు. కోటేశ్వరి. భర్త రామయ్య."

"ఆగండాగండి!" ఏజెంట్ల బెంచీ మీంచి సాంబశివరావు గొంతు. "ఆ కోటేశ్వరి పోయి మూణ్ణెల్లయింది. పాడె మోసినోళ్ళల్లో నేనున్నా! ఈమె దాని సవితి. ఛాలెంజ్ చేస్తున్నా." రెండు రూపాయల బిళ్ళ బల్ల మీద పడ్డ చప్పుడు. ఛాలెంజ్‌కి అంతే కట్టాలి.

"బీఎల్‌వో గారిని పిలవండి" అంది ఫరా.

కరుణమ్మ లోపలికి వెళ్ళింది. గుమ్మం దగ్గర కానిస్టేబులు పక్కకి తప్పుకున్నాడు. గదిలో అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"ఇదిగో లిస్టు, ఈ ఫొటోలో ఏమీ తెలియడం లేదు" అంది ఫరా. "పోయినవాళ్ళ జాబితాలో ఈ నంబరు లేదు. మీరు ఇంటింటికీ తిరిగిన మనిషి, మీ మాట నమ్ముతాను. ఈమె నాలుగు వందల పదకొండేనా?"

అవును అంటే చాలు. సాంబశివరావు రెండు రూపాయలు పోతాయి, నాలుగు కేకలు వేసి ఊరుకుంటాడు. ఉద్యోగం ఉంటుంది. పెద్ద కోటేశ్వరి ఓటు ఇరవై ఏళ్ళ తర్వాత లేచి నిలబడుతుంది. 'అవును' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

చిన్న కోటేశ్వరి అప్పటికే ఎడమ చూపుడు వేలు చాపి సిరా బుడ్డి ముందు పెట్టింది. కరుణమ్మ ఆ వేలు చూసింది. రాళ్ళు మోసి అరిగిన గోరు, శుభ్రంగా ఉంది. ఇరవయ్యేళ్ళ కొత్త కోడలు ఇట్లాగే చాపింది వేలు, ఇంకొకరి పేరు చెప్పి. ఆ సిరా నెలలో పోతుందని అందరూ అనుకుంటారు. పోదు. ప్రేమతో పూయించుకున్నా పోదు. అది కరుణమ్మకి తెలిసినంతగా ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు.

"కాదు మేడమ్" అంది. "ఈమె నాలుగు వందల పన్నెండు. పోయింది పదకొండు. పేరు తీసేసేటప్పుడు ఒకరి బదులు ఒకరిని తీసేశాను. స్లిప్పు వచ్చినప్పుడే నాకు తెలిసింది. తెలిసీ నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. జాబితాలో కావాలనే రాయలేదు. తప్పంతా నాది."

"కరుణమ్మా!" అంది చిన్న కోటేశ్వరి.

ఫరా రూల్సు పుస్తకం మూసింది. "ఈమె మీద పోలీసు ఫిర్యాదు రాయాలంటే, దానికన్నా ముందు మీ పేరు రాయాలి. స్లిప్పు ఇచ్చింది మీరు. పైకి రిపోర్టు పంపుతాను, మీకు నోటీసు వస్తుంది. తెలుసా?"

"తెలుసు మేడమ్."

"అమ్మా, మీ పేరు లిస్టులో లేదు. మీ ఓటు ఇవ్వడం నా చేతిలో లేదు. క్షమించండి" అంది చిన్న కోటేశ్వరితో. సాంబశివరావు రెండు రూపాయలు తిరిగి తీసుకుంటూ, "నాకు మాత్రం ఏం సరదానా అమ్మా" అని గొణిగాడు. కరుణమ్మ వాంగ్మూలం రాసి సంతకం పెట్టింది.

బయటికి రాగానే షామియానా పక్కన చిన్న కోటేశ్వరి నిలబడి ఉంది. వేలు చాపింది, ఇరవై ఏళ్ళ కిందట పెద్దది చాపినట్టే.

"సూడు. సిరా చుక్క గూడా లేదు. అదీ పోయింది, ఇదీ పోయింది. సల్లగుండావా?"

"చిన్నత్తా, ఆ రోజు పెద్దత్త ఓటు..." అని ఆగి, మళ్ళీ అంది. "ఆ ఓటు ఏసుకుపోయిన ముండమోపిదాన్ని నేనే."

ఏడుస్తుందనో, జుట్టు పట్టుకుంటుందనో అనుకుంది. చిన్న కోటేశ్వరి చాపిన వేలు మెల్లగా మడిచేసుకుంది.

"అయితే నువ్వేనా" అంది. "అక్కకి తెల్సు."

"ఏం తెల్సు?"

"పడేసింది ఎవరో తెల్సంది. ఎవరే అని ఎన్నిసార్లడిగినా పేరు చెప్పలా. 'ఆ పిల్ల పైట కింద చెయ్యి దాచుకుందే, చానా చిన్నపిల్ల. దాని నోటితో అదే చెప్పాలి, నేను అడుగుతానే ఉంటా' అన్నది. నువ్వని నాకు తట్టనే లేదు. ఊళ్ళో ఇంతమందుండగా ఇంకెవర్నన్నా ఒక్కసారన్నా అడిగిందా అది, నా ఓటు లేచిందా అని? నిన్నేగా అడిగేది!"

కరుణమ్మ పైట కింద ఉన్న తన ఎడమ చెయ్యి చూసుకుంది. ఇరవై ఏళ్ళు. ప్రతి ఎన్నికకీ ఆ ముసల్ది ప్రహరీ దగ్గరికి వచ్చింది ఓటు గురించి అడగడానికి కాదు. కరుణమ్మకి చెప్పే అవకాశం ఇవ్వడానికి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆమె లోపలికి పోయి పొయ్యి ఊదుకుంది.

చిన్న కోటేశ్వరి వెళ్ళిపోయింది. ఈసారి మామూలుగా, తన నడకే నడిచింది.

ఆరు గంటలకి పది నిమిషాలుందనగా లైను ఖాళీ అయింది. కరుణమ్మ ఓటు కూడా ఆ బూతులోనే. కాగితాలు సర్దిపెట్టి లోపలికి వెళ్ళింది. పేరు చదివారు, ఈసారి ఆమె సొంత పేరు. ఎడమ చూపుడు వేలికి సిరా పూశారు. రిజిస్టర్లో సంతకం పెట్టింది. మూడో ఆఫీసరు మెషీను మీటనొక్కబోతుంటే ఆగమంది.

"మేడమ్, నేను వేయను."

ఫరా తల ఎత్తింది. "ఎవరూ నచ్చకపోతే చివర నోటా ఉందిగా."

"అదీ కాదు. అసలు వేయను. సంతకం పెట్టాక వేయనంటే రాసుకుంటారంట గదా, ట్రైనింగులో చెప్పారు."

"రాసుకుంటాం. రిజిస్టర్లో ఎనిమిది వందల పద్నాలుగు ఉంటుంది, మెషీన్లో ఎనిమిది వందల పదమూడే ఉంటుంది. ఆ ఒక్కటి ఎక్కడికి పోయిందో నేను లెక్క చెప్పాలి." ఫరా పెన్ను మూత తీసింది. "ఎందుకమ్మా? పొద్దుటి సంగతికా?"

"నా ఓటు ఎప్పుడో పడిపోయింది మేడమ్" అంది కరుణమ్మ.

ఫరాకి అర్థం కాలేదు. కానీ ఆ మొహం చూసి ఇంకో ప్రశ్న వేయలేదు. రిమార్కుల గడిలో 'ఓటు వేయడానికి నిరాకరించారు' అని రాసి, పక్కన ఇంకో సంతకం పెట్టించుకుంది.

ఇంటికి నడిచేటప్పుడు కరుణమ్మ ఎడమ చెయ్యి పైట కిందికి పోలేదు. ఆనాడు పెద్ద కోటేశ్వరి ఓటు పడింది, ఆమె వేలికి సిరా లేదు. ఈనాడు తన వేలికి సిరా ఉంది, ఓటు పడలేదు. అట్లా అయినా లెక్క సరిపోతుందేమోనని చూసుకుంది. ఎంత చూసుకున్నా సరిపోలేదు.

వెనకింటి ప్రహరీ దగ్గర ఆగింది. మోచేతులు ఆన్చి ఆన్చి నున్నబడిన చోటు ఇంకా అట్లాగే ఉంది. ఇన్నాళ్ళూ తల వంచుకుని దాటిపోయిన మనిషి ఈసారి దాని ఎదుటే నిలబడింది. ఆ గొంతు ఇప్పుడు అడగాలి. అడిగితే చెప్పేస్తుంది, నేనే పెద్దత్తా అని, నేనే పడేశానని. మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుని, చీకటి పడేదాకా నిలబడింది.

ఎవరూ అడగలేదు.